ముఖ్యమంత్రి గారికి బుక్కపట్నం ఆటోస్టాండు నుంచి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు గారికి,



బుక్కపట్నం నుంచి రాస్తున్నాను. ఈ లేఖ కియా కార్ల గురించి కాదు. అయినా కియాతోనే మొదలుపెట్టాల్సి వస్తోంది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం మాట ఎత్తితే ప్రభుత్వాలకు ముందు గుర్తొచ్చే పేరు అదే మరి. గుర్తు రావడంలో తప్పు లేదు. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. వాన కోసం మొహం వాచిన పెనుకొండ దగ్గరి ఎర్రమంచి నేలల్లో 2019 జనవరి 29న మీ సమక్షంలోనే ట్రయల్ ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ కరువు సీమకు వస్తుందని ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే మా పెద్దవాళ్లు నవ్వి ఊరుకునేవారు. 2018 డిసెంబరులో ఆ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వానికి నీరో కార్లు మూడు బహూకరించింది. అందులో ఒకటి పూర్తిగా బ్యాటరీ మీద నడిచేది. 2025 జులై నాటికి కథ ఇంకో మలుపు తిరిగింది. కారెన్స్ క్లావిస్ ఈవీ పేరుతో ఎలక్ట్రిక్ కారు మా జిల్లాలోనే తయారై అమ్మకానికి వచ్చింది. ప్రారంభ ధర 17.99 లక్షలు.

ఇక కరెంటు. కదిరి పక్కన నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. అందులో ఎన్‌టీపీసీ 250 మెగావాట్లు 2016లోనే మొదలయ్యాయి. ధర్మవరం దిక్కు నుంచి చూస్తే రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. బంగారు గనులు మూతపడిన రామగిరికి ఇప్పుడు మిగిలిన గని గాలే. పొరుగున అనంతపురం జిల్లా బెళుగుప్పలో సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు, బ్యాటరీ నిల్వ మూడూ ఒకేచోట ఉండే 22 వేల కోట్ల ప్రాజెక్టుకు 2025 మే నెలలో మంత్రి లోకేశ్ గారు శంకుస్థాపన చేశారు. మడకశిర దాటితే కర్ణాటకలోని పావగడ. అక్కడా మాట్లాడేది చాలావరకు తెలుగే. పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రైతుల భూమిని కొనకుండా ఎకరాకు ఏడాదికి 21 వేల చొప్పున కౌలుతో మొదలుపెట్టారు.

అంటే మా చుట్టూ కరెంటు పుడుతోంది, ఆ కరెంటుతో నడిచే కారూ పుడుతోంది. మరి బుక్కపట్నం నుంచి కొత్తచెరువుకు పోవాలంటే ఎక్కేదేమిటి? డీజిల్ ఆటో.

పొద్దున ఏడున్నరకు మా స్టాండు దగ్గర నిలబడి చూడాలి. సీట్లో నలుగురు, డ్రైవరుకు ఆ పక్కన ఒకరు, ఈ పక్కన ఒకరు, వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని ఇద్దరు. పైన కూరగాయల గంపలు. కిక్కు కొట్టగానే బండి మొత్తం వణికి నల్లగా పొగ తుమ్ముతుంది. దగ్గర దగ్గర ఊళ్లకు పోయే పిల్లలు, కొత్తచెరువు నుంచి రైలుకు పోయేవాళ్లు, పుట్టపర్తిలో ఆస్పత్రికి పోయేవాళ్లు, బ్యాంకు పని మీద పోయే ముసలివాళ్లు అందరికీ అదే దిక్కు. ఆ బండి రోజుకు సుమారు వంద కిలోమీటర్లు తిరుగుతుంది. లోడుతో లీటరుకు ముప్పై కిలోమీటర్లు రావడం గగనం. కనుక మూడున్నర లీటర్లు అనుకుందాం. లీటరు 97 రూపాయల లెక్కన రోజుకు 340 రూపాయలు బంకులో పోసి రావాలి. అది పోగా మిగిలిందే ఫైనాన్సు కిస్తీకి, ఇంటికి.

ఇక్కడ ఒక సరిహద్దు సంగతి చెప్పాలి. అవతల చౌక కనుక హిందూపురం వాళ్లు కర్ణాటకలోని గౌరిబిదనూరు పోయి వస్తూ ట్యాంకు నింపుకోవడం కొత్తేమీ కాదు. హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వైపు పోయే లారీ డ్రైవరు, ఇవతల బంకులో అవతలికి చేరేంత డీజిలే కొట్టిస్తాడు. అవతలి నుంచి వచ్చేవాడు ట్యాంకు నిండా కొట్టించుకుని మన రాష్ట్రం మొత్తం దాటిపోవాలని చూస్తాడు. ట్రాక్టర్ల వాళ్లు డ్రమ్ముల్లో తెచ్చుకుంటారు. ఎండాకాలంలో డ్రమ్ముల నిండా డీజిల్ వేసుకుని గతుకుల రోడ్ల మీద రావడం ఎంత ప్రమాదమో వాళ్లకు తెలియక కాదు. మన దగ్గర పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం. ఆ పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, దానిపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఆ నాలుగు రూపాయలు 2015లో వేసింది మీ ప్రభుత్వమే. 2018 సెప్టెంబరులో అందులో రెండు తగ్గించిందీ మీ ప్రభుత్వమే. 2020లో తర్వాతి ప్రభుత్వం మళ్లీ నాలుగు చేసి రోడ్డు సెస్సు కలిపింది. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కర్ణాటక కూడా 2024లోనూ 2025లోనూ పన్ను పెంచింది. అయినా తేడా పూర్తిగా పోలేదు.

వ్యాట్ తగ్గించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అడిగినా మీ ఆర్థిక శాఖ ఒప్పుకోదని తెలుసు, అందులో కొంత న్యాయమూ ఉంది. నేను చూపించాలనుకున్నది ఇంకొకటి.

97 రూపాయల డీజిల్‌లో రాష్ట్రానికి చేరేది ఇరవై రూపాయల పైచిలుకు. పైన చెప్పిన ఆటో నెలకు ఇరవై అయిదు రోజులు తిరిగితే ఏడాదికి వెయ్యి లీటర్లు దాటి తాగుతుంది. అంటే ఆ ఒక్క ఆటో డ్రైవరు ఏడాదికి ఇరవై వేలకు పైగా వ్యాట్ రూపంలో మీకు కడుతున్నాడు. స్త్రీశక్తి కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. మంచి పని. మా ఊళ్లో పుట్టింటికి పోవడానికి కూడా చార్జీల లెక్క చూసుకునే ఆడవాళ్లకు దాని విలువ తెలుసు. ఆటోవాళ్ల బాడుగలు పడిపోయాయని గగ్గోలు పుట్టాక అక్టోబరు 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో ఒక్కొక్కరికి 15 వేలు వేశారు. అదీ మంచిదే. కానీ లెక్క చూడండి. డీజిల్ మీద ఇరవై వేల పైన తీసుకుని, పదిహేను వేలు తిరిగి ఇచ్చారు. ఆ పదిహేను వేలు అతని బండికి రెండు నెలల డీజిల్‌కు కూడా చాలవు. ఏడాది తిరిగేసరికి బండి అదే, పొగ అదే, కిస్తీ అదే.

అతను ఎలక్ట్రిక్ ఆటోకు మారితే? వంద కిలోమీటర్లకు ఎనిమిది తొమ్మిది యూనిట్లు పడుతుంది. యూనిట్ ఏడు రూపాయలు అనుకున్నా రోజుకు అరవై. డీజిల్ మీద 280 రూపాయలు మిగులు, నెలకు ఏడు వేలు. మీరిచ్చే పదిహేను వేలు అతను రెండు నెలలు దాటగానే తానే సంపాదించుకుంటాడు. రాష్ట్రానికి వ్యాట్ తగ్గుతుంది, నిజమే. అందుకే ఈ మార్పు ఏ ప్రభుత్వానికీ మనస్ఫూర్తిగా ఇష్టం ఉండదని నాకో అనుమానం. దాచుకోవడమెందుకు, మద్యం తర్వాత బంకుల మీద బతికే ఖజానాలు మనవి. కానీ సరిహద్దు మండలాల్లో ఆ వ్యాట్ ఎలాగూ గౌరిబిదనూరు, బాగేపల్లి బంకుల పాలవుతోంది. పోయే డబ్బు కర్ణాటకకు పోయేకంటే మా డ్రైవరు జేబులో ఉంటే నయం కదా.

ఎలక్ట్రిక్ వాహనాల మీద రాష్ట్రం చేసిన ఆలోచన తక్కువేమీ కాదు. 2018 జూన్‌లో మీ ప్రభుత్వం తెచ్చిన విధానం 2024 నాటికి పది లక్షల ఎలక్ట్రిక్ వాహనాలు, లక్ష ఛార్జింగ్ పాయింట్లు అంది. ఆర్టీసీ బస్సులన్నీ 2029 నాటికి బ్యాటరీ మీదికి రావాలంది. 2024 వచ్చింది, పోయింది. ఆ అంకెల దరిదాపుల్లోకి కూడా మనం రాలేదు. 2024 అక్టోబరులో సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చారు. పది లక్షల కోట్ల పెట్టుబడులు, ఏడున్నర లక్షల ఉద్యోగాలు దాని గురి. రెండు నెలలకే ఎలక్ట్రిక్ మొబిలిటీ 4.0 వచ్చింది. ముప్పై కిలోమీటర్లకో ఛార్జింగ్ కేంద్రం అన్న మాట అందులోదే. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్, కనిగిరిలో రిలయన్స్ బయోగ్యాస్, ఇలా పెద్ద పెద్దవి చాలా మొదలయ్యాయి.

ఈ విధానాలన్నిటిలో నాకు కనిపించే లోపం ఒక్కటే. బండ్లను లెక్కపెడతాయి, అవి తిరిగే కిలోమీటర్లను లెక్కపెట్టవు. డాబా ముందు నిలబడి ఉండే కారు రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగితే గొప్ప. అది ఎలక్ట్రిక్ అయితే రెండు లీటర్ల పెట్రోలు మిగులుతుంది. షేర్ ఆటో మారితే మూడున్నర లీటర్లు. రోజుకు మూడు వందల కిలోమీటర్లు తిరిగే పల్లెవెలుగు బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లిస్తుంది. అది మారితే అరవై లీటర్లు. ఒక్క బస్సు ముప్పై కార్ల పెట్టు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటున్నాం. లీటర్లు తగ్గించడమే అసలు ఉద్దేశమైతే రాయితీ పోవాల్సింది ఎక్కువ ధర పలికే బండికి కాదు, ఎక్కువ తిరిగే బండికి. పోర్టికోలో నిలబడే కారు కొనగలిగినవాడు ఎవరి సాయం లేకున్నా కొంటాడు. జీఎస్టీ ఎలాగూ అయిదు శాతమే.

దేశంలో అమ్ముడవుతున్న కొత్త మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా ఇప్పటికే బ్యాటరీవి. వాటిలో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్, బిహార్ వైపు. అక్కడి ఈ-రిక్షాలు చాలావరకు నాసిరకం లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే చిన్న బండ్లు. అవి ఇక్కడికి రావాలని నేను కోరను. మా మిట్టపల్లాలకు, మా లోడుకు లిథియం బ్యాటరీ ఉన్న గట్టి ఆటోనే కావాలి. అయితే వాళ్లు ఏ సబ్సిడీ సభా లేకుండానే ఎందుకు మారారో అర్థం చేసుకోవాలి. లెక్క కుదిరింది, మారారు. మా దగ్గర లెక్క ఇంకా కుదరలేదు.

ఎందుకు కుదరలేదో ఒకాయన మాటల్లోనే చెబుతాను. "అన్నా, బండి నడిపేదానికి నాకేం భయం ల్యా. నడిరోడ్డు మీద నిలబడిపోతే యాడికి తీస్కపోవల్ల? డీజిల్ ఆటో అయితే కొత్తచెరువులో పిల్లోడు గూడా బాగుచేస్తాడు. దీనికి మెకానిక్కు అనంతపురంలో. ఆడిదాకా లాక్కపోయే బాడిగె నువ్విస్తావా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ విధానపత్రంలోనూ లేదు. అందులో నైపుణ్యాభివృద్ధి అనే మాట ఉంటుంది, ఇంక్యుబేటర్లు ఉంటాయి. కొత్తచెరువులో స్పానరు పట్టుకుని కూర్చున్న పిల్లోడికి మోటార్ కంట్రోలరు విప్పడం నేర్పే పూచీ ఎవరిదో మాత్రం ఉండదు. ఐటీఐలు ఉన్నాయి. కియా కోసం మెకానిక్కులను తయారుచేసిన అనుభవం ఈ జిల్లాకు ఉంది. అదే పని ఆటో మెకానిక్కులకు చేయడానికి ఫ్యాక్టరీ అంత ఖర్చు పట్టదు.

రెండోది అప్పు. ఎలక్ట్రిక్ ఆటో మూడున్నర లక్షలు అనుకుందాం. బ్యాంకు గడప తొక్కితే ఆస్తి కాగితాలడుగుతారు. ప్రైవేటు ఫైనాన్సులో ఇరవై శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే కిస్తీ నెలకు పదమూడు వేలు. అదే తొమ్మిది శాతానికి నాలుగేళ్లు ఇస్తే 8,700. తేడా నాలుగు వేల పైచిలుకు. డీజిల్ మీద మిగిలే ఏడు వేలల్లో సగానికి పైగా ఈ కిస్తీ తేడాకే పోతే మారి ఏం లాభం? ఫైనాన్సువాళ్లు ఎక్కువ వడ్డీ వేయడానికీ కారణం ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆ బండి ఎంతకు పోతుందో వాళ్లకు తెలియదు. బ్యాటరీ ఎంతకాలం పని చేస్తుందో నమ్మకం లేదు. ఆ నమ్మకం ప్రభుత్వ హామీతో రావాల్సిందే.

మూడోది భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో స్కూటర్ బ్యాటరీ ఇంట్లోనే పేలి ఒక మనిషి చనిపోయాడు. అదే నెలలో నిజామాబాద్‌లో కూడా ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది. కానీ నిబంధనలు బిగిశాయన్న కబురు ఊళ్లకు రాలేదు. పేలిందన్న కబురు మాత్రం ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

నాలుగోది మీటరు. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే ఇంటి కనెక్షన్‌తో బండి ఛార్జ్ చేసుకోవచ్చని చెప్పింది. సరే. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి మొదటి ముప్పై యూనిట్లు 1.90, డెబ్బై అయిదు దాకా 3 రూపాయలు, నూట ఇరవై అయిదు దాకా నాలుగున్నర, రెండు వందల ఇరవై అయిదు దాకా ఆరు, ఆపైన నాలుగు వందల దాకా 8.75. నెలకు వంద యూనిట్లు కాల్చే ఇంట్లో ఆటో రెండు వందల యూనిట్లు తాగితే మొత్తం మూడు వందలు. పైన పడిన రెండు వందలకు సగటున యూనిట్‌కు 6.84 పడుతుంది. ట్రూ-అప్, ఇంధన సర్దుబాటు చార్జీలు ఏమైనా ఉంటే అవి వేరు. డీజిల్‌తో పోలిస్తే ఇది లాభమే, కాదనను. చిక్కు ఎక్కడంటే, మా డ్రైవర్లలో చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. మీటరు ఓనరుది. రెండు మూడు వాటాలకు ఒకే మీటరు. రాత్రంతా కిటికీలోంచి వైరు లాగి ఆటోకు పెడితే ఓనరు ఊరుకోడు. సాయంత్రం ఏడు నుంచి పదింటి దాకా అందరి ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు ఆడే వేళ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో పది ఆటోల బరువు పడితే ఏమవుతుందో లైన్‌మన్‌ను అడిగితే చెబుతాడు.

కాబట్టి రాత్రి ఇంటి మీదే ఆధారపడకుండా, పగలు స్టాండులో ఛార్జ్ కావాలి. ఈ లేఖలో నేను నిజంగా చెప్పదలచుకున్నది ఇదే.

మా స్టాండు దినచర్య గమనించండి. పొద్దున ఏడు నుంచి పదిన్నర దాకా జనం. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర. మధ్యలో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా, ఎవరూ బయటికి రారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఆటోలన్నీ చెట్ల కింద వరసగా నిలబడి ఉంటాయి. వెనక సీట్లో డ్రైవరు ముడుచుకుని పడుకుంటే కాళ్లు బయటికి ఉంటాయి, తలకు తువ్వాలు. మధ్యాహ్నం మూడు దాకా అదే దృశ్యం. సరిగ్గా ఆ గంటల్లోనే నంబులపూలకుంటలో, పావగడలో ప్యానెళ్లు నిండుగా కరెంటు పోస్తాయి. తీసుకునేవాడు లేకపోతే ఆపమనే పరిస్థితి సోలార్ ప్లాంట్లకు ఎదురవుతోంది. ఇటు కరెంటుకు గిరాకీ లేదు, అటు ఆటోకు గిరాకీ లేదు. రెండిటికీ ఖాళీ ఒకే వేళ దొరికింది. ఇంతకంటే కుదిరే లెక్క ఎక్కడుంటుంది?

కేంద్రం కూడా ఈ దారిలోనే ఆలోచించింది. 2024 సెప్టెంబరు మార్గదర్శకాల ప్రకారం ఛార్జింగ్ స్టేషన్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుకు ఇవ్వాలి, మిగతా వేళల్లో 1.3 వంతు. దీన్ని హైవే మీద కార్ల కోసం కట్టే ఛార్జింగ్ కేంద్రాలకే పరిమితం చేయకండి. ఆటోస్టాండుకు ఒక షెడ్డు. దాని కప్పే సోలార్ ప్యానెళ్లు. వాటి కింద పది మామూలు ప్లగ్గులు, ఒక మీటరు, ఒక మనిషి. మండే ఎండలో బ్యాటరీని ఛార్జ్ చేయడం దానికీ మంచిది కాదు కనుక నీడ ఎలాగూ కావాలి. గంటలో నిండే ఖరీదైన ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు. మూడు నాలుగు గంటలు ఆగేవాడికి నెమ్మదిగా నింపే ప్లగ్గు చాలు. ఇంట్లో వీలున్నవాడికి రాత్రి అక్కడ సగం, మధ్యాహ్నం స్టాండులో సగం పడితే రోజు గడిచిపోతుంది. ముప్పై కిలోమీటర్లకో కేంద్రం అన్న లెక్క కారుకు బాగుంటుంది. ఆటో తన స్టాండు వదిలి ముప్పై కిలోమీటర్లు పోయి ఛార్జింగ్ పెట్టుకోదు.

బస్సుల సంగతి క్లుప్తంగా చెబుతాను. తిరుపతిలో 2022 సెప్టెంబరు నుంచి వంద ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. కొండ ఎక్కుతున్నాయి, దిగుతూ బ్రేకు మీద కొంత కరెంటు తిరిగి కూడబెట్టుకుంటున్నాయి. పనికొస్తాయని తేలిపోయింది. కేంద్రం పీఎం ఈ-బస్ సేవ పథకం తెచ్చినప్పుడు 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలు దాటిన నగరాలకు పెద్దపీట వేసింది. హిందూపురం ఆ లెక్కల్లో లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలు. ఇక బుక్కపట్నం పేరు ఎత్తడమే దండగ. సిటీ బస్సు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. ధర్మవరం నుంచి కొత్తచెరువు మీదుగా పుట్టపర్తికి, పెనుకొండ మీదుగా హిందూపురానికి తిరిగే పల్లెవెలుగు బస్సు రోజంతా పొలాల మధ్య డీజిల్ కాలుస్తూ పరిగెడుతుంది. ఇకపై ఆర్టీసీ కొనే బస్సులన్నీ ఎలక్ట్రిక్‌వే కావాలని మీరు సమీక్షల్లో అన్నారు. ఆ మాట విజయవాడ, విశాఖ డిపోల దగ్గర ఆగిపోకుండా పుట్టపర్తి, ధర్మవరం, హిందూపురం, కదిరి డిపోలకు ముందే రావాలని నా వాదన. కరెంటు పుట్టే చోటు నుంచి కరెంటు కాలే చోటు ఎంత దగ్గరైతే అంత మేలు.

ఇంకొక పక్కదారి. రోడ్ల పక్కన కానుగ చెట్లు మా వైపు విరివిగా ఉంటాయి. ఒకప్పుడు కానుగ, అడవి ఆముదం గింజలతో డీజిల్ తీస్తామని ఊరూరా చెప్పారు. 2009 జాతీయ విధానం 2017 నాటికి డీజిల్‌లో ఇరవై శాతం జీవ ఇంధనం కలుపుతామంది. కలిపింది ఒక శాతం కూడా కాదు. మొక్కలు నాటించారు, కానీ గింజ కొనేవాడు ఎవరు, ఎంతకు అన్నది ఎవరూ తేల్చలేదు. అడవి ఆముదం పశువులు కూడా ముట్టక కంచెలకు మిగిలింది. కానుగ మాత్రం నీడ ఇస్తోంది, పిండి ఎరువుగా పోతోంది. ఇథనాల్ విషయంలో అలా జరగలేదు. ధర నిర్ణయించారు, కొనే కంపెనీలు ముందుకొచ్చాయి, 2025కల్లా పెట్రోలులో ఇరవై శాతం కలిసిపోయింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండు వంతులే కనుక పాత బైకులకు మైలేజీ కొంత పడిపోతుంది. నీతి ఆయోగ్ నివేదికే ఆ మాట ముందుగా చెప్పింది. మరి లీటరు ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఆ రెండు కథల్లో ఇథనాల్ ఎందుకు నడిచింది, కానుగ ఎందుకు ఆగింది అన్నదాంట్లోనే ఎలక్ట్రిక్ ఆటోకు కావలసిన జవాబు ఉంది. ఖాయమైన ధర, ఖాయంగా కొనేవాడు. మా డ్రైవరుకైతే ఖాయమైన వడ్డీ, ఖాయంగా బాగుచేసేవాడు.

ఇక అడగాల్సినవి. ఆటో డ్రైవర్లకు ఏటా ఇచ్చే పదిహేను వేలు అలాగే ఇవ్వండి. దాన్ని తీసేయమనేంత దుర్మార్గుణ్ణి కాదు. కానీ బ్యాటరీ ఆటోకు మారతానన్నవాడికి ఆ డబ్బును నాలుగేళ్ల కిస్తీకి హామీగా చూపించే వీలు కల్పించి, తొమ్మిది శాతం దాటకుండా వడ్డీ భారం ప్రభుత్వం మోయాలి. పాత డీజిల్ బండిని తుక్కుకు ఇస్తేనే ఈ సాయం అనండి. లేకపోతే అదే బండి పక్క మండలంలో తిరుగుతూ ఉంటుంది. ఛార్జింగ్ షెడ్లు ముందు ఈ ప్రాంతంలోనే ప్రయత్నించండి. బుక్కపట్నం, కొత్తచెరువు, పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం చాలు. పగటి 0.7 వంతు రేటు ఈ షెడ్లకూ వర్తించేలా విద్యుత్ నియంత్రణ మండలి ముందు విద్యుత్ పంపిణీ సంస్థతో పిటిషన్ వేయించండి. షెడ్డు నడిపే పని స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇస్తే స్త్రీశక్తి బస్సుతో ఆటోవాళ్లకు వచ్చిన రుసరుస కూడా కొంత తగ్గుతుందేమో. ఇది నా ఆశ మాత్రమే, హామీ ఇవ్వలేను.

అయితే అసలు అడ్డంకి డబ్బు కాదని నాకనిపిస్తుంది. వ్యాట్ వాణిజ్య పన్నుల శాఖది. బస్సు, ఆటో లైసెన్సు రవాణా శాఖవి. కరెంటు ఇంధన శాఖది, రేటు నియంత్రణ మండలిది. ఎలక్ట్రిక్ వాహన విధానం పరిశ్రమల శాఖది. షెడ్డు కట్టే స్థలం పంచాయతీదో మున్సిపాలిటీదో, లేదంటే రెవెన్యూవాళ్లది. కియాకు స్థలం, నీళ్లు, రోడ్డు, రైలు అన్నీ ఒకేచోట తేల్చారు కనుకే రెండేళ్లలో ఫ్యాక్టరీ లేచింది. గొల్లపల్లి రిజర్వాయరుకు నీళ్లు తెచ్చి మరీ ఇచ్చారు. ఆటోవాడి ఫైలుకు ఆ ఒకే కిటికీ లేదు. పుట్టపర్తి కలెక్టరేట్‌లో ఈ శాఖలన్నిటి తరఫున సంతకం పెట్టగల ఒక్క అధికారిని ఈ పని మీద వేయండి. ఆయన పేరు, గది నంబరు స్టాండుల్లో గోడల మీద రాయించండి. దరఖాస్తులు పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
బుక్కపట్నం నివాసి,
మీ రాష్ట్ర పౌరుడు